ఊరు చూపించడం నేర్చుకున్న ఎనిమిది నెలలు

నవంబరు 17, 2024, ఆదివారం. మా నాన్న, ఆయన స్నేహితులు నలుగురు తిరుపతి నుంచి కనిగిరికి తిరిగి పోతూ నెల్లూరులో దిగారు. సాయంత్రం బస్సుకి ఇంకా అయిదు గంటలుంది. భోజనాలయ్యాక రంగనాథస్వామి గుడికి బయల్దేరదీశాను. మధ్యాహ్నం గుడి మూసేస్తారన్న సంగతి నాకు గుర్తే లేదు. పదిహేనేళ్ళుగా ఈ ఊరి కోడలిని, అయినా గుర్తులేదు. తెరిచేదాకా పెన్న గట్టున నీడ చూసుకుని కూర్చున్నాం.

ఊరికే కూర్చోలేక ఖడ్గతిక్కన కథ ఎత్తుకున్నాను. నెల్లూరు రాజు మనుమసిద్ధికి ఆవుల మందల కాటమరాజు పుల్లరి, అంటే మేతపన్ను, కట్టనన్నాడు, యుద్ధం వచ్చింది, మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన యుద్ధంలోంచి వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. భార్య ఆయన స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద పెట్టింది. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. ఇదేంటమ్మా అంటే, మేతకి పోయిన పసులూ విరిగాయి, నువ్వూ విరిగావు, పాలూ విరిగాయి అంది. ఆ మాటకి లేచి మళ్ళీ యుద్ధానికి పోయి ప్రాణమిచ్చాడు. బడిలో తొమ్మిదేళ్ళు సోషల్ చెప్పినదాన్ని, కథ బాగానే చెప్పాననుకున్నాను.

నాన్న చెయ్యెత్తాడు. "ఆగమ్మా. పుల్లరి ఎందుకు కట్టలేదో అది చెప్పవేం?" అని తనెత్తుకున్నాడు. మా కనిగిరి వైపు కాటమరాజు కథ పాడేవాళ్ళు ఉండేవాళ్ళు, రాత్రంతా వినేవాళ్ళం. ఆ పాటలో కాటమరాజే వీరుడు. కరువొస్తే ఆవుల్ని తోలుకుని దక్షిణానికి వచ్చాడు, కోడెదూడలిస్తామని ఒప్పందం చేసుకున్నాడు, రాజు వైపువాళ్ళే ఆవుల్ని చంపించారు, అందుకని కట్టనన్నాడు. అదే యుద్ధం. పెన్నకి ఈ ఒడ్డున ఒకరు వీరుడు, మా మెట్టలో ఇంకొకరు. తండ్రీ కూతుళ్ళం గొంతులు పెంచి వాదించుకుంటున్నాం. నాన్న స్నేహితులు ఇద్దరు అటు, ఇద్దరు ఇటు.

తల తిప్పి చూస్తే మా వెనక మెట్ల మీద ఒక కుటుంబం కూర్చుని వింటోంది. గుడి తలుపులు తెరిచినా లేవలేదు. ఆ ఇంటాయన నా దగ్గరికొచ్చి, "మీరు గైడామ్మా? ఎంత తీసుకుంటారు?" అని జేబులో చెయ్యి పెట్టాడు. కాదండీ, ఈయన మా నాన్న అన్నాను. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. మే నెలలో బడి ఉద్యోగం పోయింది. ఆర్నెల్లుగా ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. నన్ను ఎవరైనా అంత ఇష్టంగా విని ఎన్నాళ్ళయిందో.

ఇట్లా మొదలైంది. నెల్లూరులోనో ఒంగోల్లోనో ఇంకెవరికైనా నడిపిస్తూ ఊరు చూపించే ఇదే పని మీద మనసుంటే వాళ్ళకి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అత్త రంగనాయకులపేటలో పుట్టి, పెళ్ళయ్యాక సంతపేటకి వచ్చింది. మొత్తం ప్రయాణం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. విషయం చెప్తే పప్పు రుబ్బుతూనే, "ఊరోళ్ళకి ఊరు చూపించేదేందమ్మే? దుడ్లెవరిస్తారు?" అంది. మా ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున అయిదున్నరకి టార్చిలైటు, నీళ్ళ సీసా బండికి తగిలించి పెట్టాడు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

డిసెంబరులో పదకొండు పొద్దులు ఒంటరిగా నడిచాను. రంగనాథస్వామి గుడి దగ్గర మొదలు, పెన్న గట్టు, రంగనాయకులపేట సందులు, అక్కణ్ణుంచి పెద్దబజారు మీదుగా మూలాపేట. ఒక్కదాన్నే వేగంగా నడిస్తే అరగంట దారి. ఆగి, చూసి, చెప్పుకుంటూ పోతే రెండున్నర గంటలు. నోటుపుస్తకంలో మొదటివారం రాసుకున్నదంతా చరిత్ర. రెండోవారం నుంచి రాసుకున్నదంతా వేరే: ఏ మలుపులో ఎన్నింటికి ఎండ పడుతుంది, ఏ అరుగు మీద ముసలివాళ్ళు కూర్చోవచ్చు, చెప్పులెక్కడ వదలాలి, కుక్కలు ఏ సందులో. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఆడవాళ్ళకి బాత్రూం. ఇది ముందు నాకు తట్టనే లేదు. పొద్దున ఆరుకి బయల్దేరిన నలభై ఏళ్ళు దాటిన ఆడమనిషి ఎనిమిదిన్నర దాకా ఏం చేస్తుంది? చివరికి మూలాపేటలో మేం టిఫిన్ చెయ్యబోయే హోటలాయన్ని అడిగితే, మాకోసం ఏడింటికే వెనక తలుపు తీసి పెడతానన్నాడు. ఆ ఒక్క మాట లేకపోతే ఈ నడక సగంలోనే ఆగేది.

గైడు పనికి కాగితం ఏదైనా కావాలా అని ఒక ఆఫీసుకి వెళ్ళాను. మూడుసార్లు తిరిగాక తేలిందేంటంటే, నేను చెప్పేది ఏ ఫైలు కిందికి వస్తుందో వాళ్ళకీ తెలియదు. కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో నడిపే టూరిస్ట్ ఫెసిలిటేటర్ కోర్సు ఉంది, అది చెయ్యమని అక్కడి కుర్రాడొకడు చెప్పాడు. అది తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. ముందు మనుషుల్ని లోపలికి తీసుకెళ్ళడానికి ఒక గుడి ఆఫీసులో అడగాలి కదా. జనవరి 6న అర్జీ ఇచ్చాను. లెటర్‌హెడ్ మీద రాసుకురమ్మన్నారు. నాకు సంస్థ లేదు, లెటర్‌హెడ్ ఎక్కణ్ణుంచొస్తుంది? తెల్లకాగితం మీద ఆధార్ నకలు జతచేసి మళ్ళీ ఇచ్చాను. పండగ సెలవులు అడ్డం వచ్చాయి. జనవరి 25న, అంటే పంతొమ్మిది రోజులకి, నోటిమాటగా చెప్పారు: లోపల ఉపన్యాసాలు వద్దు, ఫొటోలు వద్దు, బయట ఏం చెప్పుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఆ రోజు చాలా బాధపడ్డాను. లోపల చెప్పకుండా ఏం చూపిస్తానని. ఇప్పుడు ఆ షరతు ఎత్తేసినా నేను లోపల మాట్లాడను. తల్పగిరి అన్న పేరు ఎట్లా వచ్చిందో, ఆదిశేషుడు కొండగా వెలిశాడన్న స్థలపురాణం, గాలిగోపురం ఎత్తు డెబ్బై అడుగులు, ఇవన్నీ బయటే చెప్పేస్తాను. లోపలికెళ్ళాక ఎవరిమానాన వాళ్ళు. అద్దాల మండపంలో ఒక్కో అద్దంలో తన్ను తాను చూసుకుంటూ మనుషులు తిరుగుతుంటే పక్కన నిలబడి గొంతెత్తడం ఎంత తప్పో ఒకసారి చూస్తేగాని తెలియదు.

ఖర్చులు కూడా చెప్తాను, నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నడుముకి కట్టుకునే మైకు 1,450 రూపాయలు. పాత మ్యాపుల, ఫొటోల ప్రింట్లు, లామినేషన్ 620. రెండు పెద్ద గొడుగులు 700. గ్లూకోజు పొట్లాలు, దూది, బ్యాండేజీ 180. జెరాక్సులు, ఆఫీసుల చుట్టూ ఆటోలు కలిపి 900 దాకా. మొత్తం నాలుగువేలకి కాస్త తక్కువ. మైకు కొన్నది అనవసరం. పొద్దున ఆరింటికి పేటలో మైకు పెడితే ఇళ్ళవాళ్ళు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. రెండోసారి నుంచి ఇంట్లోనే వదిలేశాను. ఇప్పుడది మా అబ్బాయి పాటలు పాడుకుంటున్నాడు.

ఫిబ్రవరి 9న మొదటి నడక. ఉచితం అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఇరవై ముగ్గురు వస్తామన్నారు. ఆరింటికి గాలిగోపురం ముందు నిలబడితే నలుగురున్నారు. ఆరూ ఇరవైకి తొమ్మిదిమంది అయ్యారు. ఇంక ఎవరూ రారని తెలిశాక నడిపించాను. అందులో ఒకాయన ధోవతి కట్టుకుని, చేతిసంచితో, వెనకగా వస్తున్నారు. ఒక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారని ఎవరో అన్నారు.

పేట సందులోకి తిరగ్గానే, వాకిలి ఊడుస్తున్న పెద్దామె చీపురు పక్కన పడేసి గడపలోకొచ్చి అడ్డంగా నిలబడింది. "ఏందమ్మా కొలుస్తుండారు? రోడ్డు వెడల్పు చేస్తారా?" చేతిలో నోటుపుస్తకం, మెడలో కార్డు, వెనక పదిమంది, పైన వరండా స్తంభాల వైపు చూపించే వేలు. సర్వే వాళ్ళనుకుంది. కాదు పెద్దమ్మా, మీ ఇంటి చెక్కపని బాగుందని చూపిస్తున్నానంటే నమ్మలేదు. "బాగుంటే ఇంతకాలం ఎవరూ ఎందుకు చెప్పలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నడక ఉందంటే శనివారం సాయంత్రం ఆ సందులో ఒకసారి వెళ్ళి, రేపు పొద్దున వస్తున్నాం అని చెప్పి వస్తాను. పావుగంట పని. ఎవరైనా ఇది మొదలుపెడితే అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది అదే.

పెన్న గట్టు మీద ఆగాం. నీళ్ళు ఎక్కడో అవతల, ఇసుక మేటలు, తుంగ. ఇది నందికొండల్లో పుట్టి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పినాకిని అని, 2021 నవంబరులో ఇదే నది పొంగి పడుగుపాడు దగ్గర హైవేని కోసేసిందని చెప్పాను. అప్పుడు మద్రాసు వైపు, విజయవాడ వైపు ఎక్కడి లారీలు అక్కడే నిలిచిపోయిన రాత్రిని అందరూ గుర్తు చేసుకున్నారు. అది బాగా జరిగింది. ఆ ఊపులో గుడి వైపు చెయ్యి చూపించి, "తిక్కన సోమయాజి విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఇదిగో, ఇక్కడే కూర్చుని రాశారు" అన్నాను.

"ఇక్కడే అంటే ఎక్కడమ్మా?" మాస్టారు అడిగారు.

ఇక్కడే, గుడి పక్కన అన్నాను.

"ఎవరు చెప్పారు?"

గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నాకు ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోబోయాను. అత్త చెప్పింది. బళ్ళో హెడ్మాస్టరు చెప్పేవారు. ఊరందరూ అంటారు. తొమ్మిదిమంది నా ముఖం వంక చూస్తున్నారు. "అంటారండీ" అన్నాను చివరికి. "ఆఁ, ఆ మాట ముందే అనాలి. తిక్కన ఈ ఊరివాడే, మనుమసిద్ధి కొలువులో ఉన్నాడు, నిర్వచనోత్తర రామాయణం ఆయనకే అంకితమిచ్చాడు. ఇక్కడిదాకా గట్టిగా చెప్పు. ఏ చెట్టుకింద కూర్చున్నాడో దగ్గర 'అంటారు' అన్న మాట మింగొద్దు తల్లీ" అన్నారు.

మిగతా దారి ఎట్లా నడిచానో తెలియదు. ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని ఏడ్చాను. పదిమంది ముందు తప్పు దొరికినందుకు కాదు. బళ్ళో తొమ్మిదేళ్ళు ఎన్ని 'అంటారు'లు మింగి పిల్లలకి చెప్పానో లెక్కపెట్టుకుంటే భయమేసింది.

మూడోరోజు మాస్టారి నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. రమ్మన్నారు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాల పుస్తకం స్కాన్ కాపీ నా ఫోన్లో ఎక్కించారు. ఫిబ్రవరి, మార్చి మొత్తం అదే చదివాను. ట్యూషన్ పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే పక్కన నేను శాసనాలు. మన నెల్లూరు శాసనాల్లో ఎన్ని తమిళంలో ఉన్నాయో చూసి ఆశ్చర్యపోయాను. ఎవరో ఒక ఆమె గుడిలో దీపం ఆరకుండా ఉండటానికి గొర్రెలనో ఆవులనో ఇచ్చింది, ఆ నెయ్యి లెక్క రాసి ఉంది. రాజుల పేర్లు మర్చిపోతాను గానీ ఆ దీపాలు మర్చిపోను.

నోటుపుస్తకం మళ్ళీ మొదట్నుంచి రాశాను. రాసి ఉన్నవి నీలం సిరాతో, 'అంటారు' అన్నవి ఎర్రసిరాతో. నెల్లి చెట్టు కింద మూలస్థానేశ్వరుడు దొరికాడు కాబట్టి నెల్లూరు అన్న కథ ఎరుపు. ఊరి పాతపేరు విక్రమసింహపురి నీలం. ఖడ్గతిక్కన తల్లి పోసిన విరిగిన పాలు ఎరుపు, మా నాన్న చెప్పిన కాటమరాజు ఆవులు కూడా ఎరుపే. పుస్తకంలో ఎరుపు ఎక్కువైపోయిందని దిగులుపడితే మాస్టారు అన్నారు, ఎరుపు తీసెయ్యమని నేను చెప్పలేదే, ఎరుపని చెప్పమన్నాను అంతే అని. నిజానికి జనం ఆగి వినేది ఎర్రసిరా దగ్గరే. నీలం ఉంటేనే అది నిలబడుతుంది.

మార్చి 9న రెండో నడక. ఈసారి మనిషికి 200 రూపాయలు, టిఫిన్‌తో కలిపి. పన్నెండుమంది డబ్బు కట్టారు, పదకొండుమంది వచ్చారు, అదీ టైముకి. ఉచితమంటే రాని మనిషి రెండొందలు కడితే వస్తాడు. ఇది నేను ఊహించని సంగతి. టిఫిన్‌కి మనిషికి 70 అవుతుంది, మూలాపేట నుంచి మళ్ళీ గుడి దగ్గరికి ఆటోలు, గుడిలో కానుక, అన్నీ పోను నాకు తొమ్మిదొందలు చిల్లర మిగిలింది. అత్త చేతిలో పెట్టాను. లెక్కపెట్టి, ఏమీ అనకుండా దేవుడి దగ్గర పెట్టింది.

ఆ రోజు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి ముందు జరిగింది చెప్పాలి. పొట్టి శ్రీరాములు పేరు మన జిల్లాకే ఉంది. ఆయన 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణం వదిలింది ఆంధ్ర రాష్ట్రం కోసమని పిల్లలకి కూడా తెలుసు. కానీ అంతకుముందు, 1946-48 మధ్య, హరిజనుల్ని ఈ గుడిలోకి రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశాడని, చేసి సాధించాడని వచ్చిన పదకొండుమందిలో ఇద్దరికే తెలుసు. చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, మెడలో నినాదాలు రాసిన అట్ట వేలాడేసుకుని ఈ ఊరి వీధుల్లో ఎండలో తిరిగేవాడని, పిచ్చివాడనుకునేవాళ్ళని చెప్పాను. అప్పటికి ఎనిమిదైంది. మార్చి ఎండ వీపు మీద పడుతోంది. నేను పట్టుకున్న పెద్ద గొడుగు మూసేశాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటదే మూసింది. పక్కనున్నామె కూడా మూసింది. అందరం కాసేపు అట్లాగే నిలబడ్డాం.

ఒక నడివయసాయన గుంపులోంచి ముందుకొచ్చి, మా తాతని ఈ గడప దాటనిచ్చేవాళ్ళు కాదంట మేడమ్ అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత ఒక్కడే లోపలికెళ్ళి, చాలాసేపటికి కుంకుమ పెట్టుకుని వచ్చాడు. నేను ఆ గుడి గురించి చెప్పాలని రాసుకున్న మిగతా రెండు పేజీలూ చెప్పలేదు. ఆ రెండు పేజీలు ఇప్పటికీ చెప్పడం లేదు.

టిఫిన్ దగ్గర మాత్రం అందరూ గలగలమన్నారు. నెయ్యి కారం దోశ, పులిబొంగరాలు. ఎర్రకారం పూసిన దోశ మడతలోంచి నెయ్యి ఆకు మీదికి జారుతుంటే, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లొకతె ముక్కు తుడుచుకుంటూ ఇంకోటి అడిగింది. బ్రెజిల్‌లో గొడ్ల మందల్లో ఎక్కువ భాగం ఉండే జాతి పేరు నెలోరే అని, అవి మన ఒంగోలు గిత్తల సంతతేనని ఆ టిఫిన్ బల్ల దగ్గరే చెప్పడం నాకిష్టం. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లాకి పోయింది, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అందుకని ఎద్దు ఒంగోలుది, పేరు నెల్లూరుది. కనిగిరిలో పుట్టి నెల్లూరులో మెట్టినదాన్ని, ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఏప్రిల్‌లో మరో మూడు నడకలు. మొదలయ్యే టైము అయిదూ ముప్పావుకి జరిపాను. ఏప్రిల్ 20న ఒక పెద్దాయనకి పెద్దబజారులో కళ్ళు తిరిగాయి. కొట్టు అరుగు మీద పడుకోబెట్టి గ్లూకోజు తాగించాం, కొట్టతను షట్టర్ తీసి ఫ్యాను పెట్టాడు. ఆయనకి షుగరుందని, పొద్దున ఏమీ తినకుండా వచ్చారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి డబ్బు కట్టేటప్పుడే బీపీ, షుగరు అడుగుతున్నాను, గుడి దగ్గరే అరటిపండు చేతిలో పెడుతున్నాను. ఆ రోజు చేతులు వణికిన వణుకు సాయంత్రం దాకా తగ్గలేదు. మే అంతా ఆపేశాను. నెల్లూరు ఎండ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

జూన్‌లో దారి కొంచెం మార్చి, అడిగినవాళ్ళని తిప్పరాజువారి వీధికి కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. బాలసుబ్రహ్మణ్యం గారి ఇల్లు అక్కడే, 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసమని కంచి పీఠానికి ఇచ్చేశారు. అక్కడ నేను రెండు వాక్యాల కంటే చెప్పను. చెప్పేలోపే ఎవరో ఒకరు పాట అందుకుంటారు.

జులై 6న రొట్టెల పండుగ మొదలైంది. ఒంగోలు నుంచి ఆరుగురు ఆడవాళ్ళు ఫోన్ చేసి, మేం ఎప్పుడూ చూడలేదు, తోడుంటారా అన్నారు. గుడుల దారి నాకు అలవాటైంది గానీ బారాషహీద్ దర్గా దగ్గర లక్షలమందిలో ఆరుగుర్ని నడిపించడం వేరు. జులై 4న ఒక్కదాన్నే వెళ్ళి దారులు, మంచినీళ్ళ ట్యాంకులు, బట్టలు మార్చుకునే గదులు చూసుకొచ్చాను. అత్త నేనూ వస్తానంది. ఎందుకో చెప్పలేదు.

8వ తేదీ పొద్దున ఆరున్నరకల్లా చెరువు దగ్గరున్నాం. పన్నెండుమంది వీరుల సమాధులు దర్శించుకుని మెట్లు దిగాం. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, విదేశీ రొట్టె, ఒక్కోదానికి ఒక్కో చోట బోర్డు. కోరిక తీరినవాళ్ళు ఇంటి నుంచి రొట్టెలు చేసుకొచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరితే వచ్చే ఏడాది వాళ్ళు తెచ్చివ్వాలి. మోకాలిలోతు స్వర్ణాల చెరువు నీళ్ళలో, తలమీద చెంగు కప్పుకుని, బురఖా ఆవిడ చేతిలోంచి బొట్టు పెట్టుకున్నావిడ చేతిలోకి రొట్టె. పేరడగరు, ఊరడగరు. ఏం రొట్టె అని మాత్రమే అడుగుతారు. ఆర్కాటు నవాబు భార్యకి ఈ నీళ్ళతో జబ్బు నయమైందన్న కథ చెప్తూ, 'అంటారు' అన్నాను. ఆ మాట ఇప్పుడు నోటికి దానంతటదే వస్తోంది.

మా ఆరుగురిలో ఒకమ్మాయికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఏ బోర్డు దగ్గరికి వెళ్ళాలో నన్ను అడగలేక అక్కడక్కడే తిరుగుతోంది. నేను కథ ఆపేసి, చెయ్యి పట్టుకుని సంతానం బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడొకామె చంటిపిల్లని భుజాన వేసుకుని రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. రొట్టె తీసుకుని, తడిచేత్తో ఆ పసిపిల్ల పాదం ఒకసారి తాకి, నీళ్ళలోనే నిలబడి తినేసింది.

గట్టెక్కబోతుంటే వెనక నుంచి ఎవరో నా భుజం తట్టారు. కన్నడం యాసలో, "ఉద్యోగం రొట్టె, తీసుకో" అంది. నేను గైడునండీ, వీళ్ళని తీసుకొచ్చాను అన్నాను. "గైడుకి వద్దా?" అని చేతిలో పెట్టేసింది. చల్లారి, అంచులు గట్టిపడి, నీటిచుక్కలు పడిన గోధుమరొట్టె, మధ్యలో కాస్త బెల్లం. సగం విరిచి అత్తకివ్వబోతే, "నీకిచ్చింది నువ్వే తినాల" అంది. తిన్నాను.

ఇంటికి ఆటోలో వస్తున్నాం. ఆరుగురినీ ఒంగోలు బస్సెక్కించేశాం, ఆటోలో అత్తా నేనే. తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటూ, "ఈ ఆదివారం ఉందా నీ నడక?" అంది. ఉందత్తా, ఎనిమిదిమంది అన్నాను.

"నేనూ వస్తా. తిక్కన కూర్చునింది గుడి పక్కన కాదు. మా చిన్నప్పుడు మా అవ్వ వేరే చోటు చూపించేది. ఇప్పుడాడ మిద్దె కట్టేసినారు. యాడుందో చూపిస్తా."

సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. తడిచేతులతో వెతికి ఎర్రపెన్ను తీసి, అవ్వ అనేది అని రాసుకున్నాను.